ఐదు శృతిలో హమ్మింగ్

రెండో శనివారం. బ్యాంకు సెలవు. ఇడ్లీ ఇంకా నోట్లో ఉండగానే మా ఆవిడ అడిగింది, "ఇవాళైనా పలుకుతుందా ఆ డబ్బా?" అని. ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో దాని పేరు డబ్బానే. ఈ డైరీలో మాత్రం 5ఈ3.

5ఈ3 అంటే 1955 నుంచి 1960 దాకా గిటార్ల కంపెనీ ఫెండర్ వాళ్లు కాలిఫోర్నియాలో చేసిన ట్వీడ్ డీలక్స్ గిటార్ ఆంప్ (ఆంప్లిఫయర్) సర్క్యూట్. ఒక్క పన్నెండు అంగుళాల స్పీకర్, ఓ పన్నెండు వాట్లు. రాక్ గాయకుడు నీల్ యంగ్ దశాబ్దాలుగా వదలకుండా వాయిస్తున్నది ఈ రకమే. అసలు పాతది లక్షల్లో మాట. కొత్తగా చేసి అమ్ముతున్న నమూనా అయినా లక్ష దాటుతుంది. మూత తీసి చూస్తే మాత్రం పాత రేడియోల్లో ఉండేలాంటి ఐదు గాజు వాల్వులు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, రెండు గుప్పిళ్లలో పట్టే రెసిస్టర్లూ కెపాసిటర్లూ. అంతే. దీనికా లక్ష అనుకుని, నేనే చేసుకోవడం మొదలెట్టాను. ఇప్పటికి 34 వేలు అయ్యాయి, చెక్క పెట్టె ఇంకా మొదలే పెట్టలేదు. ఆవిడకు 22 అని చెప్పాను.

నకలు కొట్టడం తప్పు కదా అని మొదట్లో మనసు కాస్త పీకింది. 1962లో లండన్‌లో మార్షల్ కొట్టువాళ్లు చేసిన మొట్టమొదటి ఆంప్ కూడా ఫెండర్ వాళ్ల ఇంకో ఆంప్, బాస్‌మన్ సర్క్యూట్ చూసి చేసిందే. వాళ్లకు అక్కడ దొరికిన భాగాలు వేరు, స్పీకర్లు వేరు, అందుకని చివరికి శబ్దమూ వేరే అయి కూర్చుంది. ఆ సంగతి తెలిశాక నిశ్చింతగా పని మొదలెట్టాను.

మన దగ్గర దొరికే భాగాల కథ కూడా అలాంటిదే. అమెరికా కరెంటు 120 వోల్టులు, సెకనుకి 60 ఊపులు, అంటే 60 హెర్ట్జ్. మనది 230, 50. వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ కొలతలు పట్టుకెళ్తే బాలానగర్‌లో స్టెబిలైజర్లు చుట్టే ఆయన కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "50కి ఐరన్ ఎక్కువ వేయాలి సార్, లేకపోతే కాలిపోతది" అని తన లెక్క తను వేసుకుని చుట్టి ఇచ్చాడు. అసలుదానికంటే లావుగా, బరువుగా వచ్చింది. ఛాసిస్ మీద ఏనుగు పిల్ల కూర్చున్నట్టు ఉంది.

ఇక మిగిలింది ఒకే ఒక్క రెసిస్టర్. స్పీకర్‌ని నడిపే చివరి వాల్వులు 6వీ6 రెండింటికీ కలిపి, కాథోడ్ అనే కాలు దగ్గర ఉండాల్సింది, 250 ఓమ్స్, ఐదు వాట్లు. పదిన్నరకి మలక్‌పేటలో మెట్రో ఎక్కి రెండో స్టేషన్‌లో, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగాను. కోఠి గుజరాతీ గల్లీలో షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మొదటి కొట్టులో "ఇన్వర్టర్ కా?" అన్నాడు. రెండో కొట్టులోనూ అదే. వాల్వ్ ఆంప్లిఫయర్‌కి అంటే మూడో కొట్టు కుర్రాడు నవ్వి లోపలికి కేకేశాడు. లోపలి నుంచి పెద్దాయన వచ్చాడు. 250 ఉండదు బాబూ అని, 220 ఒకటీ 33 ఒకటీ తీసి, రెండూ వరసలో కలుపుకో, 253 వస్తుంది అన్నాడు. తెల్లగా చాక్‌పీసు ముక్కల్లా ఉన్నాయి. రెంటికీ కలిపి ఇరవై రూపాయలు. ఇంత సులువైన లెక్క నాకెందుకు తట్టలేదో. బ్యాంకులో రోజంతా చేసేది కూడికలే కదా!

తరవాత ట్రూప్ బజార్‌లో 100 వాట్ల పాత రకం బల్బు కోసం తిరిగాను. అందరూ ఎల్ఈడీలే చూపిస్తారు. నాలుగో కొట్టువాడు అరమర కింది నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె లాగి ఇచ్చాడు. ఈ బల్బు లేకుండా డబ్బాకి కరెంటు ఇవ్వొద్దని చిన్నాన్న ఆర్డరు. మెకానిక్కులు దాన్ని సీరీస్ బల్బు అంటారు. లైనులో బల్బును అడ్డం పెడితే, లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సామాను బతుకుతుంది.

చిన్నాన్న కోఠిలోనే పాతికేళ్లు రేడియోలు, ఆ తరవాత టీవీలు బాగు చేశాడు. ఇప్పుడు వరంగల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కెపాసిటర్ అనడు, కండెన్సర్ అంటాడు. ఫోన్ పెట్టే ముందు ప్రతిసారీ ఒకటే మాట: "ఒక చెయ్యి జేబుల పెట్టుకో రా. రెండు చేతులు పెడితే గుండెల నుంచి పోతది." లుంగీకి జేబు ఉండదని ప్యాంటు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ అది చూసి ఎక్కడికైనా వెళ్తున్నావా అంది.

మధ్యాహ్నం రెండింటికి స్విచ్ వేశాను. బల్బు ఒక్క క్షణం గట్టిగా వెలిగి, మెల్లగా ఎర్రబడి మసకేసింది. ఊపిరి వదిలాను. వాల్వుల్లో నారింజ రంగు దారాలు కనపడ్డాయి. కాసేపాగి, బల్బు తీసేసి నేరుగా ఇచ్చి, మీటర్ పెట్టాను. గోడ దగ్గర 236. ఏసీని డీసీగా మార్చే వాల్వు 5వై3 దాటాక 368 వోల్టుల డీసీ. కాథోడ్ దగ్గర 19.8, దాన్ని 253తో భాగిస్తే 78 మిల్లీ యాంపియర్లు, వాల్వుకి 39. కాగితం మీద వేసుకున్న లెక్కకి అణా పైసలతో సరిపోయింది. ఇంత చక్కగా కుదిరినప్పుడే అనుమానపడాలి.

స్పీకర్ కలిపాను. గుంయ్ మని ఒకటే మోత. గిటార్ తీసేసినా అదే, పెట్టినా అదే. వాల్యూమ్ పెంచితే పెరుగుతోంది. టేబుల్ మీద స్టీలు గ్లాసు కూడా సన్నగా మోగడం మొదలెట్టింది.

చిన్నాన్నకి ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టాను. "ఏం ఇనపడ్తలేదు రా" అన్నాడు. మళ్లీ పెట్టాను. "మంచిగనే ఉన్నట్టుంది గదా" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు: ఈ ఫోన్లు అలాంటి లోతు మోతల్ని చెత్త అనుకుని ఏరి పారేస్తాయి. "50ల ఉన్నదా, 100ల ఉన్నదా చూడు, గది తెలిస్తే సగం పనైనట్టే" అని పెట్టేశాడు. వాల్వుల్ని వేడెక్కించే హీటర్ తీగల నుంచి వచ్చే మోత 50 హెర్ట్జ్, డీసీ సరఫరా వైపు నుంచి వచ్చేది 100. సైన్ వేవ్ ఒక్కోదానికి రెండు గూనులు కదా, రెండూ లెక్కలోకొస్తాయి. అంతవరకు తెలుసు. చెవితో చెప్పడమెలా?

అప్పుడే అమ్మ నిద్ర లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తిడుతుందనుకున్నాను. కళ్లు మూసుకుని, నోట్లోనే "స... ప... స" అంది. "ఐదు శృతి గదరా ఇది. నాదే. జర ఎక్కువున్నది గంతే."

అమ్మ పెళ్లికి ముందు రామకోటిలోని త్యాగరాజ సంగీత కళాశాలకు వెళ్లేది. ఐదు శృతి అంటే గిటార్ వాళ్ల భాషలో జి. ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ కూడా జియే, 98 హెర్ట్జ్. గిటార్‌ని ఆంప్‌కి పెట్టకుండా ఆ తీగ మీటి, మోత పక్కన విన్నాను. రెండూ ఒకే స్థాయిలో, ఒకదాని మీద ఒకటి ఊగుతున్నాయి, సెకనుకి ఓ రెండుసార్లు. 98కీ 100కీ తేడా రెండు. అమ్మ చెప్పిన "జర ఎక్కువ" ఆ రెండే! 50 అయితే ఇంకో స్థాయి కిందికి ఉండాలి. అంటే హీటర్ కాదు.

ఇదే అమెరికాలో అయితే మోత 120లో వచ్చేది, ఆరున్నరకీ ఏడుకీ మధ్య. అమ్మ పాడగలిగేది కాదు.

ఇక సరఫరాలో ఎక్కడ? స్విచ్ తీసి, కండెన్సర్లు ఖాళీ అయ్యేదాకా మీటర్ చూస్తూ ఆగి, మొదటి వాల్వు 12ఏవై7 పీకేసి, అది లేకుండానే మళ్లీ స్విచ్ వేశాను. మోత దాదాపు మాయం. చివర ఉండే 6వీ6ల తప్పేం లేదు, దొంగ మొట్టమొదటి గుమ్మంలోంచే వస్తున్నాడు.

ఛాసిస్ తిరగేసి టార్చి పెట్టి చూశాను. మూడు పెద్ద కండెన్సర్ల మైనస్సులూ ఒకే నల్ల తీగతో, గీత గీసినట్టు కలిపి, గిటార్ జాక్ పక్కన గ్రౌండుకి తీసుకెళ్లి ఉన్నాయి. ఎంత అందంగా ఉందో. ఆ వరస చూసుకుని మురిసిపోయి నెల కిందట ఫోటో కూడా తీసుకున్నాను. అదే కొంప ముంచింది. 5వై3 నుంచి మొదటి కండెన్సర్‌లోకి కరెంటు ధారగా రాదు, సెకనుకి వందసార్లు ఒక్కో గుక్కగా వచ్చి పడుతుంది. ఆ గుక్క తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే దారిని నేను గిటార్ జాక్ మీదుగా వేశాను. గుజరాతీ గల్లీలోకి సెకనుకి వంద సిటీ బస్సులు పంపినట్టు. పాపం గిటార్ సిగ్నల్ సైకిల్ మీద ఎక్కడికి పోతుంది?

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా టీ తాగి, మొదటి కండెన్సర్ మైనస్ ఒక్కటి విడదీశాను. సీసం మెరిసి కరిగి తీగ ఊడి వచ్చింది. అడుగు పొడవు కొత్త తీగ, నల్లది అయిపోతే పచ్చది, నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మధ్యలోంచి వచ్చే తీగ, అదే సెంటర్ ట్యాప్, దాని బోల్టుకి. 6వీ6ల కాథోడ్ గ్రౌండు కూడా తీసుకెళ్లి అక్కడే వేశాను. మిగతా రెండు కండెన్సర్లు ఉన్నచోటే ఉన్నాయి. ఆ పచ్చ తీగ అడ్డదిడ్డంగా నల్లవాటి మీంచి పోతుంటే ఇప్పటికీ కంటికి ఇబ్బందిగానే ఉంది.

మళ్లీ స్విచ్. చెవి స్పీకర్‌కి ఆనిస్తే తప్ప ఏమీ వినపడలేదు. గిటార్ పెట్టి వాల్యూమ్ నాలుగు దాటించాను. తీగ గట్టిగా మీటితే ముందు కొంచెం నొక్కుకుపోయి, మెల్లగా ఉబ్బింది. కరెంటు ఎక్కువ లాగితే 5వై3 దగ్గర వోల్టేజీ ఒక్క క్షణం జారుతుంది, అందుకే ఆ నొక్కు. మెల్లగా మీటితే గంటలా స్వచ్ఛంగా ఉంది. ఇది ట్వీడ్ డీలక్స్ శబ్దమేనా? అసలుది నేను ఎదురుగా ఒక్కసారీ వినలేదు, ఎవర్ని అడగను. ఏడింటిదాకా వాయించాను. పక్కింటి వాళ్లు కిటికీ వేసుకున్న చప్పుడు వినపడింది, వినపడనట్టు ఉన్నాను.

అమ్మ భోజనాల దగ్గర అడిగింది, "మరి నా శృతేదిరా?" అని. తీసేశానంటే కాస్త చిన్నబుచ్చుకుంది. "ఉండనియ్యాల్సింది. శృతి పెట్టె పాడై యాడాదైంది."

తొమ్మిదిన్నరకి చిన్నాన్నే ఫోన్ చేశాడు. పోయిందా మోత అన్నాడు. పోయింది చిన్నాన్నా, మొదటి కండెన్సర్ మైనస్ జాక్ దగ్గర ఉంది, తీసి సెంటర్ ట్యాప్‌కి వేశాను అని గొప్పగా చెప్పాను.

కాసేపు ఆగి, "మంచిగ చేసినవ్" అన్నాడు. "మరి ముందుగాల జాక్ దగ్గర ఎవలు పెట్టిండ్రు?"