ఎముకలకు కుళ్లు

డాక్టరుగారు ఎమ్మారై ఫిల్మును లైటు ముందు పెట్టి పెన్సిలు మొనతో చూపించారు. వీపులో చివరి పూస, దాని కింద నడుము మొదటి పూస. రెండింటి మధ్య ఉండవలసిన సందు లేదు. పూసల అంచులు ఎలుక కొరికిన రొట్టెలా ఉన్నాయి. పక్కనే చీము.

“క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటారు. రక్తంలో కలిసి ఎముకకూ చేరుతుంది. చేరి లోలోపల కుళ్లబెడుతుంది” అన్నారాయన.

నా చెవి ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. బైబిలులో సామెతలు 14:30, సండే స్కూల్లో కంఠస్థం చేసిన వాక్యం: “మత్సరము ఎముకలకు కుళ్లు.” మన భాషలో పండు పాడైనా కుళ్లే, పక్కవాడి బాగు చూసి కడుపు మండినా కుళ్లే. అప్పటికి ఏడేళ్లుగా నాకున్నది ఆ రెండో కుళ్లు. దాని కథ ముందు చెప్పాలి.

మాది కృష్ణ ఒడ్డున, తుళ్లూరు వైపు. తాతగారి రెండెకరాల జరీబు భూమి, అంటే ఏటి పక్కన ఏడాదంతా పంట పండే నేల, నాన్నకూ పెదనాన్నకూ చెరో ఎకరం వచ్చింది. 2011లో చెల్లి పెళ్లికి నాన్న మా ఎకరం అమ్మేశారు. పెదనాన్న అమ్మలేదు. మూడేళ్లకే రాజధాని అక్కడే అన్నారు. మేము లక్షల్లో అమ్మిన ఎకరం కోటి దాటిందని ఊరంతా చెప్పుకున్నారు. 2015లో పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, భూమిని రాజధాని కోసం ప్రభుత్వం చేపట్టిన సమీకరణకు ఇచ్చాడు. జరీబు ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పైగా ఏడాదికి యాభై వేలతో మొదలై పెరిగే కౌలు. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే నాకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చేశాయి.

73వ కీర్తనలో దాన్ని రాసిన ఆసాపు భక్తిహీనుల క్షేమం చూసి మత్సరపడ్డానని ఒప్పుకుంటాడు. నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. మా అన్నయ్య భక్తిహీనుడు కాడు, గర్విష్ఠి అంతకన్నా కాడు. దశమభాగం లెక్కగా ఇస్తాడు. మందిరానికి జనరేటరు కొన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేని మనిషి మీద అసూయపడటం ఎంత అలసటో చెప్పలేను. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నప్పుడు అన్నయ్య ఫోనులో ఏడ్చాడు. ఓదార్చాను. ఫోను పెట్టేశాక ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను.

ఇక జబ్బు. 2021 వేసవిలో నడుము నొప్పి మొదలైంది. కండరాలు పట్టేశాయన్నారొకచోట. మాత్రలు, బెల్టు, మర్దనా. సాయంత్రమయ్యేసరికి సన్నని జ్వరం, రాత్రి చెమటలు. 58 కిలోల వాడిని 49కి వచ్చాను. అప్పుడు గానీ స్కానింగ్ చేయించలేదు. 2022 జనవరిలో సూదితో పూసలోంచి ముక్క తీసి సీబీనాట్ పరీక్ష చేశారు. క్షయే. మందులకు లొంగే రకమే కాబట్టి పన్నెండు నెలల కోర్సు రాశారు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, అప్పట్లో తిండికి నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసేది. పరగడుపున మూడు మాత్రలు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను. మందు రంగేనని నర్సమ్మ నవ్వింది.

మూడు నెలలు మంచం మీదే. చూడటానికి వచ్చిన సంఘ పెద్ద ఒకాయన ప్రార్థన చేసి, “ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకో బాబూ” అన్నారు. నేను తల దించుకున్నాను. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. “పుట్టుగుడ్డివాడి గురించి, ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అని ప్రభువే అన్నాడు కదండీ” అని టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. క్షయ సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని నాకూ తెలుసు. అయినా నా లోపలి సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ మాట ముల్లులా ఉండిపోయింది.

మార్చి 3న టీవీలో హైకోర్టు తీర్పు వచ్చింది: రాజధానిని అమరావతిలోనే కట్టాలి, రైతుల ప్లాట్లు అభివృద్ధి చేసి మూడు నెలల్లో ఇవ్వాలి. గుండె మండుతుందని ఎదురుచూశాను. మండలేదు. పవిత్రుడినైపోయానని కాసేపు సంబరపడ్డాను కూడా.

అసలు సంగతి ఆ మధ్యాహ్నమే తెలిసింది. మజ్జిగన్నం తింటుంటే చెంచా కింద పడింది. వంగకూడదు. పిలిస్తే పలికేవాళ్లు లేరు. కిటికీలోంచి చూస్తే పాలబ్బాయి గొంతుక్కూర్చుని సైకిలు చైను సరిచేసుకుంటున్నాడు. ఎంత తేలిగ్గా కూర్చున్నాడు, ఎంత తేలిగ్గా లేచాడు! వాడి నడుము చూసి నాకు కళ్లు కుట్టాయి. అన్నయ్య 1450 గజాల మీద కుట్టినట్టే, అదే చోట, అదే మంటతో. వాడికి ఉన్నది ఆ పాత సైకిలూ ఆ నడుమూ. అంటే నా కుళ్లుకు భూమితో పని లేదన్నమాట. కంటికి ఏది ఆనితే దాన్ని పట్టుకుంటుంది.

అప్పటినుంచి ఫిలిప్పీ పత్రికలో పౌలు మాట వేరుగా వినిపించసాగింది. సంతృప్తి కలిగియుండ “నేర్చుకొనియున్నాను” అన్నాడు. సంకెళ్లలో ఉండి రాశాడు. వరంగా దొరికిందని అనలేదు, నేర్చుకున్నానన్నాడు. నేర్చుకోవడమంటే బడిపంతులుకు తెలుసు. నిన్న వచ్చిన లెక్క ఇవాళ తప్పుతుంది.

ఒక ఆదివారం ఆరాధనయ్యాక అన్నయ్య, వదిన బత్తాయిలు తెచ్చారు. డిసెంబరు 2019 రాత్రి సంగతి చెప్పేశాను. అన్నయ్య చాలాసేపు బత్తాయి తొక్క తీస్తూ కూర్చున్నాడు. “నువ్వు ఓదార్చావని ఆ రోజు నిద్రపోయానురా” అన్నాడు చివరికి. తొనలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నెల రోజులు ఫోను చేయలేదు. తర్వాత చేశాడు.

2023 జనవరిలో మందులు ఆపేశారు. ఎముకలు అతుక్కున్నాయి, వీపులో చిన్న గూని మిగిలింది. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే మాత్రల గురించి, మా ఆవిడ గురించి చెప్పాను. కుళ్లు పోయిందని మాత్రం చెప్పలేదు. పాలబ్బాయి నడుము మీద అసూయ నెల తిరగకుండా పోయింది. 2024లో రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక పాతది తిరిగొచ్చింది.

మొన్న అన్నయ్య ఫోనులో గజం ఎంత పలుకుతోందో చెప్పాడు. ఫోను పెట్టగానే 1450తో హెచ్చవేశాను. వేయకుండా ఉండలేకపోయాను. వంటింట్లో మా ఆవిడ చేతిలోంచి ఉల్లిపాయ జారి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. “మీరు వంగకండి, నేను తీసుకుంటాను” అంది. నేనే తీసిచ్చాను. మోకాళ్లు మడిచి, వెన్ను నిటారుగా ఉంచి, ఫిజియోథెరపీలో నేర్పినట్టు.