ఒకే పెన్నుతో రాసిన షుగర్ పుస్తకం

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. రాజమండ్రిలో చిన్న ఎలక్ట్రికల్ షాపు నడుపుతాను. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది, పక్కనే వంద పేజీల నోటుపుస్తకం. వారానికి మూడుసార్లు పరగడుపున చూసి రాయమన్నారు డాక్టరు గారు. రాసేవాణ్ని. 118, 124, 116. కాకపోతే నెలంతటివీ అపాయింట్‌మెంట్ ముందురోజు రాత్రి ఒకేసారి కూర్చుని రాసేవాణ్ని.

మా ఆవిడకు కూడా తెలియని ఈ సంగతిని పట్టుకున్నది సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి.

క్లినిక్‌లో కూర్చుని ఉంటే దగ్గరికొచ్చి, "అంకుల్, షుగర్ ఉన్నవాళ్ల మనసు ఎలా ఉంటుందో స్టడీ చేస్తున్నాను, ఇరవై నిమిషాలు ఇస్తారా?" అంది. మనసు అనేసరికి చిరాకేసింది. నాకేమైనా పిచ్చా? కానీ నా టోకెన్ 41, లోపల నడుస్తున్నది 12. సరేనన్నాను.

ముందు సమ్మతి పత్రం, తెలుగులో నాలుగు పేజీలు. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా వైద్యంలో తేడా రాదు, పేరు ఎక్కడా రాయరు. పేరుకు బదులు పీ-37 అని ఒక నంబర్. చదవకుండా సంతకం పెట్టబోతే ఆపి మరీ చదివించింది. అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకులో కూడా ఎవరూ అలా చదివించలేదు.

తర్వాత ప్రశ్నలు. మొదటిది పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దిగులు ఎన్ని రోజులున్నాయని తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది, ఆపైన వస్తే డిప్రెషన్ ఉందేమోనని ఇంకా లోతుగా చూస్తారట. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. అది చదివాక ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. లేదమ్మా అన్నాను. నిజంగానే లేదు. నాకు వచ్చింది 8.

రెండోదాని పేరు పెయిడ్. 1995లో అమెరికాలో విలియం పొలోన్‌స్కీ అనే ఆయన, తోటివాళ్లు కలిసి తయారుచేశారు. అచ్చంగా షుగర్ మనుషుల కష్టాల మీద 20 ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, కూడిన మొత్తాన్ని 1.25తో గుణిస్తే వందకు లెక్క వస్తుంది. 40, ఆపైన వస్తే బరువు ఎక్కువైనట్టే. తిండి విషయంలో నోరు కట్టేసుకున్నట్టు ఉంటుందా? పథ్యం తప్పినప్పుడు తప్పు చేసినట్టు అనిపిస్తుందా? ముందు ముందు ఏమవుతుందోనని భయమా? ఆ భయం ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మా నాన్నకు షుగర్‌తో కుడికాలి బొటనవేలు తీసేశారు. కట్టు మార్చేటప్పుడు దీపం పట్టుకుని నిలబడింది నేనే. మూడు అంకెల నంబర్ ఏది చూసినా ఆ వేలే కళ్లముందు కదిలేది.

నాకు 55 వచ్చింది. దీన్ని డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారట. డిప్రెషన్ వేరు, ఇది వేరు. రోగంతో రోజూ కాపురం చేసి చేసి విసిగిపోవడం.

చివర్లో నా పుస్తకం అడిగింది. పేజీలు తిప్పింది. "అంకుల్, మూడు నెలల షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 9.4 శాతం ఉంది. అంటే సగటు 220 దాటి ఉండాలి. ఇక్కడ అన్నీ 125 లోపే. పైగా నెలంతా ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి." మందలింపులా అనలేదు, బిల్లులో తేడా చూపించినట్టు అంది. నా చెవులు వేడెక్కాయి.

ఇక వెంటనే కౌన్సెలింగ్ మొదలుపెడతారనుకుంటే, ఒక కవరు విప్పించింది. అందులో "నిరీక్షణ బృందం" అని ఉంది. సగం మందికి కౌన్సెలింగ్ ఇప్పుడే, మిగతా సగానికి పన్నెండు వారాలు ఆగాక. నాకు ఒళ్లు మండింది. లోపలున్నదంతా కక్కించి, ఇప్పుడు లైన్‌లో నిలబడమంటారా? తను కూర్చుని చెప్పింది: అందరికీ ఒకేసారి ఇస్తే, బాగుపడింది మాటల వల్లో, రోజులు గడవడం వల్లో ఎలా తెలుస్తుంది? లెక్క సబబే. కోపం మాత్రం వారం రోజులుంది. ఈలోగా బాగా ఇబ్బందైతే, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు ఫోన్ చేయమని 14416 నంబర్ రాసిచ్చింది.

ఆ పన్నెండు వారాల్లో నెట్‌లో వెతికాను. షుగర్, దిగులు రెండూ ఉన్నవాళ్ల మీద చెన్నై, విశాఖ, బెంగళూరు, ఢిల్లీల్లో పెద్ద పరిశోధనే జరిగింది. 404 మంది. 2020లో ఫలితాలొచ్చాయి. మనసునూ షుగర్‌నూ కలిపి పట్టించుకునే మనిషి ఒకరుంటే రెండూ మెరుగుపడ్డాయట. నాలాంటివాళ్లు అంతమంది ఉన్నారని తెలియడమే ఒక రకంగా ఊపిరి.

తర్వాత ఆరు సిటింగులు. మొదటి పని ఒక్కటే, వచ్చిన నంబర్ వచ్చినట్టు రాయడం, పక్కన ముందురోజు ఏం జరిగిందో రెండు ముక్కలు. "మీ షాపులో మీటర్ 180 ఓల్ట్‌లు చూపిస్తే మీటర్‌ను తిడతారా, లైన్ చూస్తారా?" అంది. ముందే సిద్ధం చేసుకున్న మాట అనిపించింది కానీ పట్టేసింది. మొదటి నిజమైన నంబర్ 263. రాసేటప్పుడు చెయ్యి వణికింది.

నాలుగో సిటింగ్‌కు మా ఆవిడను తీసుకురమ్మంది. గృహప్రవేశంలో అందరి ముందూ నా విస్తట్లోంచి పూతరేకు తీసేసిన సంగతి అక్కడ మళ్లీ లేచింది. "ఏవండీ, నేను మీ మంచికే కదా," అని మా ఆవిడ ఏడ్చింది. ఆమెకూ భయం ఉందని, మా నాన్న వేలు ఆమె కూడా మర్చిపోలేదని నాకు అప్పుడే తెలిసింది. ఇకమీదట అడగాల్సింది ఇంట్లో అడగాలి, నలుగురిలో కాదు అని ఒప్పందం. ఇప్పటికి రెండుసార్లు తప్పింది.

మూడు నెలల షుగర్ ఇప్పుడు 8.2. పెయిడ్ 30. మాత్రలు మానకుండా వేసుకోవడం వల్ల ఎంత, ఈ మాటల వల్ల ఎంతో విడదీయలేను. అది ఆ అమ్మాయి పని.

చివరి రోజు ఇంకో ఫారం. ఏది ఉపయోగపడలేదు అని అడిగారు. ఊపిరి మీద ధ్యాస పెట్టే ఆడియో అని రాశాను, రెండు నిమిషాల్లో నిద్రపోయేవాణ్ని. లేవబోతూ, "నా దొంగ నంబర్ల సంగతి కూడా రాస్తావా అమ్మా?" అనడిగాను.

"రాస్తాను అంకుల్. కానీ మీరని ఎవరికీ తెలీదు. పీ-37 అనే ఉంటుంది."