సౌదీ ఎడారి నుంచి తమ్ముడిని రప్పించుకున్న తీరు: నా అనుభవం

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. అట్లా పోయినవారు ఆపదలో చిక్కుకుంటే ఒకప్పుడు ఇంటివాళ్లకు రెండే దారులుండేవి: వీసా ఇప్పించిన ఏజెంటు వాకిట్లో కూర్చోవడం, లేదా ఎమ్మెల్యే దగ్గర సిఫారసు ఉత్తరం తీసుకోవడం. 2024లో మా చిన్నమ్మ కొడుకు సౌదీ అరేబియాలో చిక్కుకున్నప్పుడు మేము ఈ రెండూ కాకుండా మూడో దారిలో నడిచాము. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఫోన్ల ద్వారా కలిసి, ఒక కూలీ హక్కు కోసం కాగితాలు కూడగట్టిన ఆ పద్ధతిని వివరంగా రాస్తున్నాను. ఇదే చిక్కులో ఉన్న కుటుంబాలకు మా కన్నీళ్ల కంటే ఈ వివరాలే ఎక్కువ అక్కరకు వస్తాయి.

తమ్ముడు పదో తరగతి దాకా చదవలేదు. అటువంటివారి పాస్‌పోర్టు మీద, కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి అవసరమని ఉంటుంది. సౌదీ ఆ జాబితాలోనిదే. ఆ అనుమతిని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి ఇస్తారు. నమోదైన ఏజెంటు అయితే జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించి సేవా రుసుము తీసుకోకూడదు. మా ఊరి పక్క ఏజెంటు అంతకు ఎన్నో రెట్లు తీసుకుని, ముందు విజిట్ వీసా మీద మరో దేశానికి, అక్కడి నుంచి సౌదీకి పంపించాడు. తోట పని అని చెప్పిన చోట గొర్ల మంద కనబడింది. నెలకు 1,500 రియాళ్లన్న జీతం వెయ్యికి దిగి, కొన్ని నెలలకు అదీ ఆగిపోయింది. నీళ్ల ట్యాంకర్ వచ్చిన రోజున తమ్ముడు దాని డ్రైవర్ ఫోన్ అడిగి తీసుకుని నాకొక వాయిస్ మెసేజ్ పంపాడు: "అన్నా, ఎట్లనన్న జేసి నన్ను ఇంటికి పిలిపియ్యి. ఈడ గొర్లు, ఇసుక తప్ప మనిషి మొకం కనబడది."

ఆ మెసేజ్ విన్న మా వాళ్లందరూ కోరింది ఒక్కటే. తమ్ముడితో ఏడుస్తూ ఒక వీడియో తీయించి ఫేస్‌బుక్‌లో పెడితే మంత్రుల దాకా పోతుందన్నారు. వాళ్ల ఆశకు ఆధారం లేకపోలేదు. అటువంటి వీడియోల వల్ల కదలిక వచ్చిన సందర్భాలు మా ప్రాంతంలో అందరికీ తెలుసు. అయితే గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసే ఒక వాట్సాప్ బృందంలో నన్ను చేర్పించిన మిత్రుడు, ముందు అక్కడివాళ్లను అడగమన్నాడు. రియాద్‌లో చాలా కాలంగా ఉంటున్న ఒక పెద్దమనిషి ఆ రాత్రే ఫోన్ చేసి, కఫీల్ (పనికి పిలిపించుకున్న అక్కడి యజమాని) ముఖమో పేరో కనబడే వీడియో బయటికి వస్తే ముందు ఇబ్బంది పడేది తమ్ముడేనని చెప్పారు. సౌదీలో 2007 నుంచి ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం ఫోన్ కెమెరాతో ఒకరి ఆంతరంగిక జీవితంలో జొరబడినా, వారి పరువు తీసినా ఏడాది దాకా జైలు, ఐదు లక్షల రియాళ్ల దాకా జరిమానా పడవచ్చు. ఇక్కడ మన దగ్గర లక్ష మంది చూసి అయ్యో అనుకున్నంత మాత్రాన, అక్కడ మంద దగ్గర ఒంటరిగా ఉన్న మనిషికి రక్షణ దొరకదు. చిన్నమ్మకు ఈ మాట నచ్చజెప్పడానికి నాకు చాలా ఓపిక కావలసి వచ్చింది. ఆమె దృష్టిలో మేము ఊరుకుంటున్నట్టే లెక్క.

బృందం మమ్మల్ని అడిగినవి మరోరకం: పాస్‌పోర్టు మొదటి, చివరి పుటలు, వీసా ప్రతి, ఇకామా (సౌదీ నివాస అనుమతి కార్డు) ఫొటో, కఫీల్ ఫోన్ నంబరు, మంద ఉన్న చోటు. ట్యాంకర్ డ్రైవర్ బంగ్లాదేశీయుడు. అతనికి మా భాష రాదు, మాకు అతని భాష రాదు. అయినా తమ్ముడి కోసం తన ఫోన్ నుంచి లొకేషన్ పంపించాడు. అది హఫర్ అల్ బాతిన్ పట్టణానికి దూరంగా, మ్యాపులో పేరైనా లేని చోటు. అది చూసి, ఈ కేసు రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం పరిధిలోకి వస్తుందని, జెద్దా కాన్సులేటుకు రాస్తే వృథా అవుతుందని బృందం వెంటనే తేల్చింది.

ఇకామా ఫొటో మసకగా ఉంది. అందులోని అరబ్బీ అక్షరాలు మాకు అలుకుపూత లాగా కనబడ్డాయి. దమ్మాంలో డ్రైవర్‌గా పనిచేసే ఒక నిర్మల్ యువకుడు దాన్ని పెద్దది చేసి చదివి, కఫీల్ పేరును అరబ్బీలోనే టైపు చేసి పంపించాడు. యజమాని సంఖ్య 1తో మొదలవుతున్నదని కూడా అతనే గుర్తించాడు. సౌదీ పౌరుల గుర్తింపు సంఖ్య 1తో, విదేశీయుల ఇకామా 2తో, కంపెనీల సంఖ్య 7తో మొదలవుతాయట. అంటే తమ్ముడు కంపెనీ కూలీ కాడు, ఒక వ్యక్తి కింద ఉన్న పనివాడు. ఈ ఒక్క అంకె మీద మా వ్యూహమంతా మారింది. 2021 మార్చిలో సౌదీ తెచ్చిన సంస్కరణల వల్ల ప్రైవేటు రంగ కార్మికులు కొన్ని షరతులకు లోబడి కఫీల్ అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు, దేశం విడిచి రావచ్చు. ఇంటి పనివారికి, తోటమాలులకు, డ్రైవర్లకు, పశువుల కాపరులకు మాత్రం ఆ సంస్కరణలు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. అందరికంటే ఒంటరిగా ఉండేవాళ్లనే చట్టం బయట నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మా విషయంలో కఫీల్ చేత ఎగ్జిట్, అంటే దేశం విడిచే అనుమతి, ఇప్పించడం తప్ప వేరే మార్గం లేదని దానితో స్పష్టమైంది.

ఫిర్యాదును విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో నమోదు చేశాము. నేను రాసిన మొదటి ప్రతిలో చిన్నమ్మ ఆరోగ్యం, ఇంటి అప్పులు, తమ్ముడి పిల్లల చదువులు అన్నీ ఉన్నాయి. రియాద్ పెద్దమనిషి వాటన్నిటినీ తీసేసి, ఎప్పుడు వెళ్లాడు, ఏ పని చెప్పారు, ఏ పని చేయిస్తున్నారు, ఏ నెల నుంచి జీతం లేదు, ఎక్కడ ఉన్నాడు, ఏం కావాలి అన్నవి మాత్రమే తేదీల వరుసలో ఉంచారు. ఆ పత్రం ఒక్క పుటలో ఇమిడింది. రోజూ ఇటువంటి ఫైళ్లు ఎన్నో చూసే అధికారికి ఫోన్ ఎత్తి ఎవరితో ఏమి మాట్లాడాలో ఒక్క చూపులో తెలియాలని ఆయన అన్నారు. ఫిర్యాదు సంఖ్య చేతికి వచ్చాక, అదే సంఖ్య ఉటంకిస్తూ రాయబార కార్యాలయానికి ఈమెయిల్ పంపాము. ఆ సెప్టెంబరు చివరలోనే హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ కార్మికుల, ప్రవాసుల అర్జీలు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి మొదలు కావడంతో, చిన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్లి అక్కడా అర్జీ ఇచ్చాను. ఎవరిని కలిసినా అదే పుట, అదే సంఖ్య. కథ ఎక్కడా మారలేదు.

రాయబార కార్యాలయం నుంచి ఫోన్ వెళ్లేసరికి కఫీల్ రెండు మాటలు అన్నాడట. వీసాకు తాను పెట్టిన ఖర్చు తిరిగి ఇవ్వాలి, లేకపోతే హురూబ్ పెడతాను. హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని యజమాని ప్రభుత్వానికి చేసే ఫిర్యాదు. మన వాళ్ల భాషలో ఖల్లివెల్లి అయిన మనిషి. అది పడిందంటే జీతం అందని కూలీయే చట్టం కళ్లకు దోషి అవుతాడు. బృందంలోని వాళ్లు ఇకామా సంఖ్యతో ఆన్‌లైన్‌లో తరచూ చూస్తూ, హురూబ్ ఇంకా పడలేదని మాకు చెబుతూ వచ్చారు. మంద విడిచి ఎక్కడికీ పోవద్దని తమ్ముడికి ట్యాంకర్ డ్రైవర్ ద్వారా కబురు పంపాము. జీతం రాలేదన్న ఫిర్యాదు ముందుగానే ప్రభుత్వ లెక్కలో ఉండటం, మనిషి పనిచోటే ఉన్నట్టు లొకేషన్ ఉండటం మాకు బలమయ్యాయి.

కొన్ని వారాల బేరసారాల తరువాత కఫీల్ ఫైనల్ ఎగ్జిట్‌కు ఒప్పుకున్నాడు. టికెట్ అతని చేతనే కొనిపించారు. చిక్కుకున్న నిరుపేద కార్మికులకు టికెట్ ఇచ్చేందుకు 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి అనేది రాయబార కార్యాలయాల దగ్గర ఉంది. దాని వరకు పోవలసిన అవసరం రాలేదు. బకాయి జీతంలో మాత్రం సగమే చేతికి వచ్చింది. మిగిలినదాని కోసం రాయబార కార్యాలయం పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చి ఇంటి నుంచే పోరాడవచ్చని బృందంలో కొందరు గట్టిగా చెప్పారు. నాకూ అదే సరైనదని అనిపించింది. తమ్ముడు ఒప్పుకోలేదు, పైసలు పోతే పోనీ, ఆ మనిషి పేరు మళ్లీ వినను అన్నాడు. హక్కు అతనిది కాబట్టి నిర్ణయమూ అతనిదేనని ఊరుకున్నాము.

నా మటుకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద ఫలితం వచ్చింది తమ్ముడు దిగిన తరువాతే. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లోని నమోదిత ఏజెంట్ల జాబితాలో లేదు. అతనికి డబ్బు పంపిన ఫోన్‌పే రసీదుల నంబరును బృందంలో పెట్టి, ఇదే నంబరుకు ఇంకెవరైనా పంపారా అని అడిగాను. పక్క మండలాల నుంచి, కోరుట్ల వైపు నుంచి, ఒకరి తరువాత ఒకరు తమ రసీదులు చూపించారు. ఎవరి మోసాన్ని వాళ్లు తమ తలరాత అనుకుని, పరువు పోతుందని ఊళ్లో చెప్పుకోకుండా దాచుకున్నవాళ్లే. ఒకామె భర్త ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమె తన పేరు రాకుండా చూడమని కోరి, చివరకు సంతకం తనే ముందుగా చేసింది. విడివిడిగా పోయినప్పుడు పైసల తగాదా, పెద్దమనుషుల్లో తేల్చుకోండి అనిపించుకున్న మాట, అందరి రసీదులు ఒకచోట చేరాక అనుమతి లేకుండా మనుషులను విదేశాలకు పంపే దందాగా కనబడింది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, మోసం సెక్షన్ కింద ఉమ్మడిగా పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రతిని హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి పంపాము.

ఆ కేసు ఇంకా నడుస్తున్నది. ఏజెంటు కొందరికి కొంత తిరిగి ఇచ్చి రాజీకి రమ్మంటున్నాడు, కొందరు పోయారు కూడా. అప్పుల మీద వడ్డీ పెరుగుతున్న కుటుంబాలను నేను తప్పుపట్టలేను. ఈ మధ్యలో నేర్చుకున్నదంతా, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, ఇకామాలో ఏ సంఖ్య చూడాలి, ఫిర్యాదులో ఏమి రాయకూడదు అన్నవాటితో సహా, తెలుగులో రాసి బృందంలో ఉంచాము. ఒమాన్ సంగతులు అక్కడివాళ్లు చేర్చారు, కువైట్ భాగం ఇంకా ఎవరూ రాయలేదు. ఆ దేశంలో పనిచేసినవారు ఎవరైనా పూనుకుంటే బాగుంటుంది. ఎందుకంటే ఇప్పుడు మా దగ్గరికి వస్తున్న ఫోన్లలో ఎక్కువ అక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల తరఫున వస్తున్నవే.