స్పైడర్‌మ్యాన్ 2: హీరోని కిందికి దించి గెలిచిన సీక్వెల్

సూపర్‌హీరో సినిమా హిట్టయితే రెండో భాగానికి అలవాటైన లెక్క ఒకటి ఉంటుంది. విలన్ బలం పెరగాలి, ఫైట్లు పెరగాలి, ఊరు ఇంకాస్త కూలాలి. 2004 జూన్ 30న అమెరికాలో విడుదలైన 'స్పైడర్‌మ్యాన్ 2'కి దాదాపు 20 కోట్ల డాలర్ల బడ్జెట్ ఉంది. అవన్నీ చేసే స్తోమత ఉంది, చేసింది కూడా. కానీ దర్శకుడు శామ్ రైమీ కథ ఎత్తుకున్నది, స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు వెనకున్న కుర్రాడు పీటర్ చేసే పిజ్జా డెలివరీతో.

ఎనిమిది పిజ్జాలు, 29 నిమిషాల గ్యారంటీ. దారిలో లారీకి అడ్డంగా వచ్చిన ఇద్దరు పిల్లల్ని కాపాడేసరికి టైం దాటిపోతుంది. డబ్బులు రావు, ఉద్యోగం పోతుంది. ఆ వెంటనే ఎగ్గొట్టిన క్లాసులు, అద్దె బాకీ, పెంచిన మే ఆంటీ ఇంటికి బ్యాంకు నోటీసు, ప్రేమించిన మేరీ జేన్ నాటకానికి వేళకి చేరలేకపోవడం. ఎవరినో ఒకరిని కాపాడిన ప్రతిసారీ పీటర్ సొంత బతుకులోంచి ఏదో ఒకటి కోత పడుతుంది. హీరో ఎలివేషన్ల కోసం చూసేవాళ్లకి మొదటి అరగంటలో దొరికేది దాదాపు ఏమీ లేదు. సినిమా బలమంతా అక్కడే పోగవుతోంది.

తర్వాత శక్తులు పోవడం. గాల్లో ఊగుతుండగా దారం రాదు, గోడకి వేళ్లు అంటుకోవు, చూపు మసకబారి పాత కళ్లద్దాలు మళ్లీ ముక్కు మీదికొస్తాయి. ఇక్కడ స్క్రిప్ట్ తెలివి గమనించాలి. కామిక్స్‌లో పీటర్ మణికట్టుకి దారం వదిలే యంత్రం కట్టుకుంటాడు. 2002 నాటి మొదటి సినిమాలో దాన్ని తీసేసి, దారం ఒంట్లోంచే వచ్చేట్టు మార్చారు. చాలామంది కామిక్ అభిమానులకు అది మింగుడుపడలేదు. రెండో భాగానికి మాత్రం ఆ మార్పే పునాది. యంత్రం మొరాయిస్తే బాగుచేసుకోవచ్చు. ఒంట్లోంచి వచ్చేదే ఆగిపోతే కారణం మనసులో వెతకాలి. డాక్టరు కూడా ఒంట్లో లోపమేమీ కనబడలేదనే అంటాడు.

డ్రెస్సు చెత్తడబ్బా పాలుచేసి పీటర్ నడిచి వెళ్లిపోయే షాట్, 1967లో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 50వ సంచికలో జాన్ రొమీటా గీసిన పేజీకి తెర రూపం. ఆ తర్వాత కాసేపు హాయిగానే గడుస్తుంది. ఇంతలో ఒక ఇల్లు తగలబడుతుంది. శక్తుల్లేకుండానే దూకి చిన్నపిల్లని బయటికి తెస్తాడు. నాలుగో అంతస్తులో ఇంకొకరు చిక్కుకుపోయి చనిపోయారన్న మాట అప్పుడే అతని చెవిన పడుతుంది. డ్రెస్సు వదిలేసినందుకు పడిన మూల్యం ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది.

స్క్రీన్‌ప్లే ఆల్విన్ సార్జెంట్‌ది. కుటుంబ కథలు రాయడంలో ఆరితేరి, రెండు ఆస్కార్లు అందుకున్న రచయిత. మే ఆంటీ భర్త అంకుల్ బెన్ చావులో తన తప్పుందని పీటర్ బల్ల దగ్గర ఒప్పుకునే సీన్ చూడండి. మే ఆంటీగా చేసిన రోజ్‌మేరీ హారిస్ ఏమీ అనదు. పీటర్ చేతిలోంచి తన చెయ్యి లాక్కుని మేడ మీదికి వెళ్లిపోతుంది. సినిమాలో అన్నిటికన్నా గట్టి దెబ్బ నా దృష్టిలో అదే.

ఇక విలన్ ఆటో ఆక్టేవియస్, అంటే డాక్ ఆక్, ఒంటికి అతుక్కున్న నాలుగు యంత్రపు చేతుల సంగతి. దగ్గరి షాట్లలో కనబడేవి చాలావరకు నిజమైన తోలుబొమ్మల్లాంటి యంత్రాలే. ఒక్కో చేతిని నలుగురు ఆడించేవారు, నాలుగింటికి పదహారు మంది. దూకుడూ ఫైట్లూ వచ్చినచోట గ్రాఫిక్స్. నటుడు ఆల్ఫ్రెడ్ మొలీనాకి చూపు నిలపడానికి ఎదురుగా ఒక వస్తువుంది కాబట్టే వాటితో మాట్లాడే సీన్లు అంత నమ్మకంగా వచ్చాయి. ఆపరేషన్ గదిలో ఆ చేతులు మేల్కొనే సీన్లో రైమీ తన పాత హారర్ విద్యంతా బయటికి తీశాడు: గోడ మీద నీడలు, నేలని గీరుకుంటూ వెనక్కి ఈడ్చుకుపోయే గోళ్లు. ఫ్రేమ్ కూడా మారింది. వెడల్పు-ఎత్తుల నిష్పత్తి మొదటి భాగంలో 1.85, ఇందులో 2.35. చాచిన నాలుగు చేతులకీ ఆ వెడల్పు కావాలి.

ఇక రైలు. సినిమాలో న్యూయార్క్ అంటారు గానీ, ఆ సీన్ కోసం షికాగో లూప్‌లోని పైవంతెన రైలు మార్గంలో షూటింగ్ చేశారు. రైలును ఆపే పద్ధతిని అంచెలంచెలుగా చూడండి. ముందు కాలు కిందికి ఆనిస్తాడు, పట్టాల కింది చెక్కలు విరుగుతూ పోతాయి. తర్వాత రెండు పక్కల భవనాలకి చెరో దారం వేస్తాడు, బరువంతా రెండే చోట్ల పడి గోడ పెచ్చులు ఊడొస్తాయి. అప్పుడు రెండు చేతులా వరసగా బోలెడు దారాలు విసురుతాడు. బరువు చాలా చోట్లకి పంచుకుపోతుంది, దారాలు సాగుతాయి, రైలు ఒక్కసారిగా కాకుండా మెల్లగా వేగం తగ్గించుకుంటుంది. ప్రతి ఓటమికీ కంటికి కనబడే కారణం ఉంది కాబట్టే చివరి ప్రయత్నాన్ని నమ్ముతాం. పైగా మాస్కు లేదు. టోబీ మగ్వాయర్ ముఖంలో బిగుసుకున్న ప్రతి నరమూ కనిపిస్తుంది. మాస్కు ఉండి ఉంటే ఇది మంచి గ్రాఫిక్స్ సీన్‌గా మిగిలేది, అంతే.

మొదటి భాగానికి రెండున్నర నక్షత్రాలే ఇచ్చిన అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి నాలుగూ ఇచ్చారు. విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది. వసూళ్లు మాత్రం మొదటి భాగం కంటే కొంచెం తక్కువే. 2007 నాటి మూడో భాగంలో శాండ్‌మ్యాన్, వెనమ్, హ్యారీ అనే ముగ్గురు విలన్లూ ఒకేసారి మీద పడటంతో, రెండో భాగంలో ఒక్క డాక్ ఆక్‌కి దొరికిన తీరిక వాళ్లలో ఎవరికీ దొరకలేదు.

2007లోనే ఎనిమిది నిమిషాలు కలిపి '2.1' అనే వెర్షన్ తెచ్చారు. అందులో పత్రికాధిపతి జేమ్సన్ స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు వేసుకుని గంతులేసే సీన్ ఉంది. నవ్వొస్తుంది గానీ సరిగ్గా కథ బిగుసుకునే చోట పట్టు సడలిస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు 127 నిమిషాల థియేటర్ వెర్షనే చూడండి.