మత్తు దిగింది, ఊపిరి మాత్రం రాలేదు

అరుదైన జబ్బులంటే ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చేవి, ఎండీ పరీక్షలో రాసేసి మర్చిపోయేవి అనుకునే జూనియర్లని చాలామందిని చూశాను. తెలంగాణలోనో ఆంధ్రాలోనో అనస్థీషియా చేసేవాళ్ళకి ఆ ధీమా పనికిరాదు. సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం అని ఒకటుంది. విదేశీ పుస్తకాల్లో ఒక పేరాలో తేల్చేస్తారు, మన దగ్గర మాత్రం అది పక్కింటివాళ్ళలోనే ఉండొచ్చు. ఉన్నట్టు వాళ్ళకీ తెలియదు, ఎందుకంటే ఆ లోపంతో తినడానికి, తిరగడానికి, నూరేళ్ళు బతకడానికి ఏ అడ్డూ లేదు. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి ఒక మందు ఎక్కించే దాకా దాని జాడే ఉండదు.

ఆ మందు సక్సినైల్‌కోలిన్. ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో అంత పొడుగ్గా ఎవరూ అనరు, స్కోలిన్ అంటాం. కడుపు నిండా తిని వచ్చిన పేషెంటుకి, అర్జెంటు కేసులకి గొంతులోకి ట్యూబు చప్పున పడాలి, లేకపోతే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. స్కోలిన్ ఇస్తే కనురెప్పల దగ్గర మొదలై బుగ్గలు, ఛాతీ, కాళ్ళ దాకా కండరాలు సన్నగా అదురుతాయి, నిమిషం తిరిగేసరికి ఒళ్ళంతా వదులైపోతుంది. మళ్ళీ ఐదు నుంచి పది నిమిషాల్లో మనిషి తనంతట తనే ఊపిరి తీసుకుంటాడు. మందు ఇంత త్వరగా దిగిపోవడానికి కారణం లివర్ తయారు చేసి రక్తంలోకి వదిలే ఈ సూడోకోలినెస్టరేజ్ ఎంజైమే. సిరంజిలో మనం పంపిన దాంట్లో చాలా భాగాన్ని కండరం దాకా చేరకముందే ఇది విరిచి పారేస్తుంది. కిలోకి 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు అని మేం వేసే డోసు ఆ ఎంజైమ్ ఉందన్న నమ్మకంతో వేసే లెక్క. అది లేనివాళ్ళకి అదే డోసు ఎన్నో రెట్లతో సమానం, పైగా ఒంట్లోంచి మెల్లమెల్లగా పోవాలి తప్ప వేరే దారి లేదు. గంటలు పడుతుంది.

ఈ మందు చరిత్రలో నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. 1906లోనే హంట్, టావో అనే ఇద్దరు అమెరికాలో దీన్ని జంతువుల మీద పరీక్షించారు. అయితే ఆ జంతువులకి కండరాలని పడేసే క్యురారే అనే మందు ముందే ఇచ్చి ఉంచడంతో అవి ఎలాగూ కదలకుండా పడి ఉన్నాయి, ఈ కొత్త మందు కండరాలని పడేస్తుందన్న సంగతి వాళ్ళ కంటపడనే లేదు. దీనికి ఆ గుణం ఉందని డానియల్ బోవే బృందం 1949లో చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఓటీలో కూడా జరిగేది ఇదే. ఫెంటానిల్ అనే నొప్పిమందు, మత్తు గ్యాసు, కండరాలని వదులుచేసే ఇంకో మందు (రిలాక్సెంటు) అన్నీ కలిపి ఇచ్చేశాక పేషెంటు లేవలేదంటే దోషం దేనిదో పట్టుకోవడం కష్టం. అందుకే స్కోలిన్ ఇచ్చాక కండరం మళ్ళీ కాస్త కదిలిందని చూసుకోకుండా వెక్యురోనియం లాంటి ఇంకో రిలాక్సెంటు వేయొద్దని నేను జూనియర్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటాను.

ఒకసారి ఒక పట్టణంలో చిన్న నర్సింగ్ హోమ్‌కి రాత్రిపూట పిలుపొచ్చింది. బైక్ మీంచి పడి భుజం జారిన కుర్రాడు, పడకముందే పెళ్ళి భోజనం చేసి వచ్చాడు, చేతికి తిమ్మిరి ఎక్కువవుతోంది, ఆగే టైమ్ లేదు. స్కోలిన్ ఇచ్చి ట్యూబు వేశాం. ఆర్థో సార్ భుజం ఎక్కించడం, ఎక్స్‌రే చూడడం, కట్టు కట్టడం చకచకా అయిపోయాయి. గ్యాసు ఆపేశాం. మానిటర్ మీద ఊపిరి వదలడాన్ని చూపించే కాప్నో గీత నేను బ్యాగు నొక్కినప్పుడే లేస్తోంది, చేయి తీస్తే చదునుగా పడి ఉంటోంది. కంటిపాప చూస్తే సూదిమొనలా చిన్నగా ఏం లేదు, అంటే ఫెంటానిల్ ఎక్కువైన కేసు కాదు. షుగర్ బాగానే ఉంది. మణికట్టు దగ్గర నెర్వ్ స్టిమ్యులేటర్ పెట్టి కరెంటు ఇస్తే బొటనవేలు అసలు కదల్లేదు. ఆలోపే పల్సు 80 నుంచి 130కి ఎగబాకింది, కంటి కొసలో నీరు.

ఆ కన్నీటి బొట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. కండరం పడిపోయింది కానీ మెదడు పడిపోలేదు. నిద్రపుచ్చడానికి ఇచ్చిన ప్రొపొఫాల్ కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది, అప్పుడు మనిషికి మెలకువ వస్తుంది, చుట్టూ మాటలు వినిపిస్తాయి, గొంతులో ట్యూబు తెలుస్తుంది, కానీ కనురెప్ప కూడా ఎత్తలేడు. బయట నుంచి చూసేవాళ్ళకి గాఢనిద్రలో ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి కారణం వెతుక్కోవడం తర్వాత, ముందు మళ్ళీ నిద్రమందు మొదలుపెట్టాలి. ఆ రోజు చేసిన మొదటి పని అదే, చెవి దగ్గరికి వంగి 'ఏం భయం లేదు నాన్నా, మందు దిగడానికి టైమ్ పడుతోంది, మేం ఊపిరి ఇస్తున్నాం' అని చెప్పడం రెండోది.

ఇక్కడ చాలామంది చేయి రివర్సల్ ఇంజెక్షన్ మీదకి పోతుంది. నియోస్టిగ్మిన్ ఇస్తే రిలాక్సెంటు విరుగుతుందని అలవాటు కదా. స్కోలిన్ విషయంలో దాన్ని నమ్ముకోకూడదు, అది ఉన్న కాస్త సూడోకోలినెస్టరేజ్‌ని కూడా అణిచేస్తుంది. ప్లాస్మా ఎక్కిస్తే ఎంజైమ్ దొరుకుతుందన్నది నిజమే, కానీ తనంతట తనే పోయే దానికోసం ఇంకొకరి రక్తంలోని రిస్కు ఎందుకు? వెంటిలేటర్, నిద్రమందు, ఓపిక. వైద్యం ఇంతే. ఈ ఓపిక విషయంలో సర్జన్లకీ, బయట బంధువులకీ టెన్షన్ ఎక్కువ, అది వేరే సంగతి.

బయటికి వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, 'మా పెద్దోడికి హెర్నియా ఆపరేషన్ చేసినప్పుడు కూడా రాత్రంతా మిషన్ మీదే ఉంచారండీ' అంది. మరి చెకప్‌లో అడిగితే మత్తుతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదన్నారుగా? వాళ్ళ లెక్కలో అది మత్తు ఇబ్బంది కాదు. అప్పట్లో ఆ ఆసుపత్రిలో 'మీవాడి ఊపిరితిత్తులు వీక్' అని చెప్పి పంపేశారట. డిశ్చార్జ్ కాగితంలో ఒక్క ముక్క లేదు. తెల్లవారుజామున తమ్ముడి బొటనవేలు కదిలింది, ఇంకాసేపటికి ట్యూబు తీశాం. తర్వాత చేయించిన పరీక్షలో సూడోకోలినెస్టరేజ్ వేలల్లో ఉండాల్సింది వంద కూడా లేదు. అన్నదీ అంతే.

ఆ కుటుంబం ఆర్యవైశ్యులు. దీన్ని గుసగుసగా చెప్పుకోవాల్సిన పని లేదు. ఈ లోపం మిగతావాళ్ళతో పోలిస్తే వైశ్యుల్లో దాదాపు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ భాగమైన 2017 నాటి జన్యు అధ్యయనంలో రాశారు. ఈ ఎంజైమ్‌కి మూలమైన బీసీహెచ్ఈ అనే జన్యువు మారి, ఎంజైమ్‌లో 307వ చోట లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది ప్రోలిన్ అయిపోవడం వీళ్ళలో కనిపించే మార్పు. వేల ఏళ్ళ కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చిన ఏ సమూహంలోనైనా ఇలాంటిది ఏదో ఒకటి పోగవుతుంది, ఒకరిది ఎంజైమ్ అయితే ఇంకొకరిది ఇంకోటి. గోత్రం వేరైతే చాలదా అని ఒకాయన అడిగారు. చాలదు, 102 గోత్రాలున్నా మూలాలు కలిసే ఉన్నాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డ కాపీలు వస్తేనే ఇంత తీవ్రంగా ఉంటుంది. ఒకరిలో బయటపడితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 25 శాతం అవకాశం ఉన్నట్టు.

పేషెంటుని కులం అడగడం నాకూ మొదట్లో ఎబ్బెట్టుగానే ఉండేది. ఇప్పుడు అడుగుతాను, ఎందుకు అడుగుతున్నానో కూడా ఆ వెంటనే చెప్తాను, చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ కులం ఒక్కటే అడిగి వదిలేయడం బద్ధకం. ఈ లోపం వేరేవాళ్ళలోనూ ఉంటుంది, కులాంతర పెళ్ళిళ్ళూ ఉన్నాయి. 'మత్తు పడలేదా' అని కాకుండా 'మీ ఇంట్లో ఎవరినైనా ఆపరేషన్ అయ్యాక అనుకోకుండా వెంటిలేటర్ మీద ఉంచారా' అని అడిగితే జవాబులు వేరేగా వస్తాయి. అనుమానం ఉంటే స్కోలిన్ బదులు రోక్యురోనియం వాడొచ్చు, దాన్ని విరిచే సుగామడెక్స్ ఖరీదైనదే అయినా దొరుకుతోంది. సైకియాట్రీ వాళ్ళు షాక్ ట్రీట్‌మెంట్ ముందు కూడా స్కోలినే ఇస్తారు, అక్కడా ఈ ప్రశ్న అడగాలి.

ల్యాబ్ గురించి ఒక మాట. కాలో అనే శాస్త్రవేత్త కనిపెట్టిన డైబ్యుకెయిన్ నంబర్ పరీక్ష (డైబ్యుకెయిన్ మందు ఈ ఎంజైమ్‌ని ఎంత శాతం అణుస్తుందో చూసేది), మామూలు వాళ్ళకి 80, తేడా ఉన్నవాళ్ళకి 20 అని మనం బట్టీ పట్టింది, ఇక్కడ పెద్దగా పనికిరాదు. ఆ పరీక్షకి కొలవడానికి ఎంజైమ్ అంటూ కొంత ఉండాలి కదా. మామూలు కోలినెస్టరేజ్ లెవెల్ చాలు. ఇంకో చిక్కు, పురుగుల మందు తాగిన కేసుల్లో చేయించేదీ ఇదే పరీక్ష. స్పృహ తప్పి క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి లెవెల్ అడుగున ఉందని, నోట్లో నురగా వాసనా ఏమీ లేకపోయినా విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టేస్తే, ఇంట్లోవాళ్ళు ఆత్మహత్యాయత్నం అనుకుని కుమిలిపోతారు. పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్ళూ ఉంటారన్నది డ్యూటీ డాక్టర్లకి గుర్తుండాలి.

ఆ అన్నదమ్ములకి పర్సులో పెట్టుకునేలా కార్డు రాసిచ్చాను, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ: సక్సినైల్‌కోలిన్, మైవాక్యూరియం ఇవ్వకూడదు, ప్రొకెయిన్, క్లోరోప్రొకెయిన్ అయితే జాగ్రత్త. మైవాక్యూరియం ఇంకో రిలాక్సెంటు, మిగతా రెండూ తిమ్మిరి ఇంజెక్షన్లు. మరి పన్ను పీకేటప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ సంగతేంటని పెద్దోడు అడిగాడు. అక్కడ మామూలుగా వాడేది లిగ్నోకెయిన్, దానికీ ఈ ఎంజైమ్‌కీ సంబంధం లేదు, నిశ్చింతగా వేయించుకోవచ్చు.