బీ ఫ్లైల లెక్క: రంగు వదిలేసి రెక్క పట్టుకున్నాక

ఈ ఎండాకాలంతో నా బీ ఫ్లై ఫొటోల ఫోల్డర్లకు చాలావరకు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) పేర్లు పడ్డాయి. జాతి పేరు మాత్రం ఇంకా చాలా తక్కువ వాటికే. అయినా దిగులేం లేదు. ప్రపంచం మొత్తం మీద వర్ణించినవే నాలుగున్నర వేల జాతులకు పైమాట, ఫొటో చూసి చివరిదాకా తేల్చగలిగేవి అందులో కొన్నే.

బీ ఫ్లై అంటే తేనెటీగ వేషంలో తిరిగే ఈగ. రెండే రెక్కలు, పొట్టి మీసాలు, గాల్లో ఒకేచోట నిలబడే నేర్పు. మన దగ్గర దూరం నుంచి తికమక పెట్టేది నీలి చారల తేనెటీగ. అదీ పొడుగు నాలుక చాపుకుని పువ్వు ముందు ఆగుతుంది. దానికి నాలుగు రెక్కలు, పొడుగాటి వంపు మీసాలు ఉంటాయి కాబట్టి ఫొటోలో దొరికిపోతుంది.

ఎక్కడ వెతకాలి అన్నదాంట్లోనే సగం పని ఉంది. వరి చేల గట్ల మీద ఎంత తిరిగినా నాకు పెద్దగా కనబడలేదు. చాలా బీ ఫ్లైల పిల్లలు నేలలో గూళ్లు పెట్టే ఒంటరి తేనెటీగల, కందిరీగల పిల్లలను తిని పెరుగుతాయి. ఆ గూళ్లలో కొన్నిటికి పొడి ఇసుక అనుకూలం. అందుకే కోనసీమ తీరంలో అంతర్వేది, ఓడలరేవు వైపు సరుగుడు తోటల పక్కన దిబ్బలు చూస్తాను. నీళ్లు తగ్గాక గౌతమి లంకల్లో ఇసుక మేటలు, వాటి అంచున గడ్డిచామంతి, తుమ్మి పూసిన చోట్లు కూడా బాగుంటాయి. పొద్దున తొమ్మిదికి అక్కడుంటే చాలు. పన్నెండు దాటాక వాటికి హుషారే గానీ ఇసుక మీద మోకాళ్లు ఆనించడం మన వల్ల కాదు. మొన్న ఒకాయన సైకిల్ ఆపి, "ఏవండీ, ఉంగరం గానీ పారేసుకున్నారా?" అని అడిగి, ఈగ అని చెబితే, "ఆయ్, కానివ్వండి" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక గుర్తుల సంగతి. ఒంటి మీది బొచ్చు, పొలుసులు వయసుతో రాలిపోతాయి. కొత్తగా బయటికొచ్చినదానికి తళతళలాడే తెల్ల పట్టీలుంటే, అదే జాతిలో ముసలిదానికి పొట్ట బోసిగా నల్లగా మిగులుతుంది. రెక్క పొరలో ఉన్న మచ్చ అలా ఊడదు, ఈనెల అల్లిక అసలే మారదు. అందుకే నాకు కావలసిన మొదటి ఫొటో పైనుంచి తీసిన రెక్క. నల్ల రెక్కలవి ఇసుక మీద వాలినప్పుడు రెక్కలు రెండు పక్కలకూ పరిచి పెడతాయి కాబట్టి పని తేలిక. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు కన్నా తగ్గించను, వరసగా నొక్కుతూ పోతాను. మన నీడ దాని మీద పడిందా, లేచిపోయినట్టే.

ఫొటోను పెద్దది చేసి రెక్క కొస దగ్గర, ముందు అంచుకు కాస్త లోపల ఉండే సబ్‌మార్జినల్ గదులు (ఈనెల మధ్య మూసుకున్న ఖాళీలు) లెక్కపెడతాను. అడ్డ ఈనెలు పెరిగే కొద్దీ ఈ గదులు పెరుగుతాయి. నాలుగుంటే లైగైరా ప్రజాతి, మూడుంటే ఎక్సోప్రొసోపా. రెండూ సైజులో, నల్ల రెక్కల్లో అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కాబట్టి ఈ ఒక్క లెక్క నాకు బోలెడు టెన్షన్ తగ్గించింది. రెండే ఉంటే విల్లా గానీ ఆంత్రాక్స్ గానీ కావచ్చు. అప్పుడు మీసం కొస చూడాలి. అక్కడ చిన్న కుచ్చులా వెంట్రుకలుంటే ఆంత్రాక్స్, లేకపోతే విల్లా వైపు మొగ్గుతాను. ఆ కుచ్చు ఫోన్ కెమెరాకు దొరకదు, మాక్రో లెన్స్ పెట్టి ముఖానికి పక్క నుంచి తీయాలి. ఆ ఫొటోలోనే కంటి వెనక అంచున లోపలికి నొక్కు కూడా కనిపిస్తుంది. ఈ నల్ల రెక్కల గుంపు మొత్తానికీ అది పనికొచ్చే గుర్తు.

బొచ్చువాటితో తలనొప్పి వేరు. బొంబీలియస్, సిస్టోకస్ రెండూ గుండ్రటి దూదిపింజల్లా ఉంటాయి, రెండింటికీ సూదిలాంటి నాలుక. రెక్క మొదట్లో పక్కపక్కనే ఉండే రెండు పొడవాటి గదులు చూడాలి. పొడవు సమానమైతే సిస్టోకస్, ముందున్నది పొడుగైతే బొంబీలియస్. కానీ ఇవి పువ్వు ముందు రెక్క కొడుతూనే ఉంటాయి కాబట్టి ఈనె కనబడే ఫొటో రావడం గగనం. చల్లటి పొద్దుట్లో, ఎండ ఇంకా వేడెక్కకముందు, గడ్డి పరక మీద కూర్చున్నదాన్ని పట్టుకోవాలి. సిస్టోకస్ పిల్లలు మిడతల గుడ్లు తింటాయి, అందువల్ల గడ్డి నేలల్లో ముందు దాన్నే అనుమానిస్తాను. అది అనుమానమే, నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకంతోనే రాస్తాను.

ఈ మధ్య బాగా దొరికిన దృశ్యం ఆడదాని ఇసుక పని. ఇసుకకు ఆనీ ఆనకుండా ఎగురుతూ పొట్ట కొసను టకటకా తాకిస్తుంది. అక్కడున్న చిన్న సంచిలాంటి గదిలో ఇసుక నింపుకుంటుందన్నమాట. తర్వాత ఆ రేణువులు అంటిన గుడ్లను తేనెటీగ బొరియ నోటి దగ్గరికి గాల్లోంచే విసిరేస్తుంది. ఇది చేస్తున్నప్పుడు అది ఒకేచోటికి మళ్లీ మళ్లీ వస్తుంది, కాబట్టి కదలకుండా కూర్చుంటే ఫొటోలు వాటంతటవే వస్తాయి.

ఫైలు పేరులో తేదీ, ఊరు, ఇసుకా పువ్వా అన్నది, గదుల సంఖ్య పెడుతున్నాను. గదులు కనబడనివి 'తెలియదు' ఫోల్డర్‌కే. తరవాతి పని సిస్ట్రోపస్, సన్న నడుము కందిరీగలా కనిపించే బీ ఫ్లై. దాని పిల్లలు స్లగ్ గొంగళ్ల (నత్తలా పాకే గొంగళ్ల) మీద బతుకుతాయి. ఆ గొంగళ్లు కొబ్బరాకునూ తింటాయి కాబట్టి ఈసారి దిబ్బలు వదిలి తోటల్లో పడాలి.