బుడమేరును తరగతిలోకి తెచ్చిన సెమిస్టరు
విజయవాడలో సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు జలశాస్త్రం బోధించే నేను, ఈసారి ఉపన్యాసాన్ని ఇంట్లో చూసే వీడియోగా పంపి, తరగతి సమయాన్ని ప్రాజెక్టుకు కేటాయించాను. 2007లో కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలను వీడియోలుగా తీయడం మొదలుపెట్టాకే ఈ పద్ధతికి ప్రాచుర్యం వచ్చింది. నా మొదటి వీడియో 40 నిమిషాలు. చివరిదాకా చూసినవారు ఇద్దరే. దానిని 8 నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ప్రతిదాని చివర ఒక లెక్క చేర్చాను. ప్రాజెక్టు కోసం మాత్రం వెతుక్కోనక్కరలేకపోయింది: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచిన నీరు అన్ని రోజులు ఎందుకు నిలిచిందో వివరించమన్నాను. ఒకే సమాధానం లేని ప్రశ్న కావడంతో, మూల్యాంకన ప్రమాణాలు రాయడానికే రెండు వారాలు పట్టింది. ఇంటి గోడలపై మిగిలిన నీటి చారల ఎత్తును కొలిచి తెచ్చిన జట్టుకు ఎన్ని మార్కులు వేయాలో ఇంకా తేల్చుకోలేదు.